మూడో అంతస్తు వాళ్ళకి మెట్లంటే ఇష్టమట

మే 18

ఒరేయ్ మధ్యంతస్తూ,

పదకొండేళ్ళుగా ఒక మాట నీతో తేల్చుకోవాలని కూర్చున్నాను. నేను ఆస్పత్రిలో లిఫ్టు నడపడం మానేసి ఇంటికొచ్చిన రోజు గుర్తుందా? వీడ్కోలు సభలో అందరి చేతుల్లోనూ ఇంకా టీ కప్పులుండగానే నువ్వు లేచి మైకు అందుకున్నావు. "మా మామయ్య ముప్ఫై నాలుగేళ్ళు రోజంతా ప్రయాణం చేశాడు, కానీ ఒక్క అడుగూ ముందుకి వెయ్యలేదు" అన్నావు. డాక్టర్లు నవ్వారు. నర్సులు నవ్వారు. గదులు తుడిచే ఆవిడ కూడా నవ్వింది. నేనూ నవ్వాను, మా అమ్మాయి చేసిచ్చిన కొత్త పళ్ళ సెట్టు అందరికీ చూపించాలి కదా అని. ఇంటికొచ్చి సెట్టు తీసి గ్లాసులో పెట్టాక నవ్వు ఆగిపోయింది. ఇవాళ్టిదాకా ఆగే ఉంది.

నేను ముందుకి వెయ్యలేదు, సరే. నువ్వు వేసి ఎక్కడ తేలావు? ఇళ్ళకి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలో. మా ఇంటికొచ్చే తీగ కూడా మీదే. ఆ తీగ ఇప్పుడు నా కూతురి నోరు నొక్కేస్తోంది.

మా అమ్మాయికి పుట్టినప్పట్నుంచీ వినపడదని నీకు తెలుసు. నీకు మాటలు రాకముందే నీకు చేతులతో మాట్లాడటం నేర్పింది అదే. ఇప్పుడు రెండు గంటల ప్రయాణమంత దూరంలో, పళ్ళ సెట్లు చేసే ల్యాబులో పని. రోజూ సాయంత్రం ఏడింటికి పలకంత ఫోను బల్ల మీద నిలబెట్టుకుని ఇద్దరం కబుర్లు చెప్పుకుంటాం. ఈ ఇంట్లో మాట అంటూ వినపడితే ఆ గంటలోనే. వినపడనివాళ్ళే కొందరు కలిసి తయారు చేసుకున్న ప్రోగ్రాం అది. అందులో వేళ్ళు బాగా కనపడేవి. పోయిన నెల మీ కంపెనీ మనిషి వచ్చి 'కుటుంబ ఆనందం' అని ఒక కొత్త ప్యాకేజీ అంటగట్టి పోయాడు. అప్పట్నుంచి ఏడయిందంటే చాలు, అమ్మాయి వేళ్ళన్నీ కలిసిపోయి పిండిముద్ద అవుతున్నాయి. మొన్న ఏదో కోపంగా చెప్తోంది. నాకు మాత్రం రెండు దిండ్లు కొట్టుకుంటున్నట్టు కనపడింది.

అదే ఏడింటికి మీ కంపెనీ సినిమాలు అద్దంలా వస్తున్నాయి. హీరో మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. నా కూతురికి ఎన్ని వేళ్ళున్నాయో మాత్రం లెక్కపెట్టలేకపోతున్నాను.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మీ తీగ మీద మిమ్మల్నే తిట్టడం నాకు మర్యాదగా అనిపించలేదు. అందుకే కవరు. నా చదువంతా లిఫ్టులో వార్డుల బోర్డు చూసి నేర్చుకున్నది. ఎక్కడైనా ఒత్తు తగ్గితే నువ్వే పెట్టుకో.

ఎందుకిలా అవుతోందో రాయి. మీ అమ్మని అడిగానని చెప్పు. నిన్ను అడగలేదు.

మామయ్య


మే 25

మామయ్యకి,

మీ కవరు ఆఫీసుకి వచ్చింది. మా దగ్గర చేత్తో రాసిన ఉత్తరం కనపడి మూడేళ్ళయిందట. ఏం చెయ్యాలో తెలియక ముందు సెక్యూరిటీ మిషన్‌లో పెట్టి చూశారు. లోపల తిట్లు తప్ప ప్రమాదకరమైనవేవీ లేవని తేల్చి నాకిచ్చారు.

మీ పదకొండేళ్ళ బాకీ ముందు తీరుస్తాను. ఆ రోజు నా మాటకి రెండో వాక్యం ఉంది. మీరందరూ నవ్వుతుంటే ఆగాను, అది చెప్పేలోపే సూపరింటెండెంటుగారు మైకు లాక్కున్నారు. ఆ వాక్యం ఏమిటో ఇప్పుడు చెప్పను. పదకొండేళ్ళు కోపం పెట్టుకున్నవారు ఇంకొన్నాళ్ళు పెట్టుకోగలరు.

ఇక వేళ్ళ సంగతి. సాయంత్రం ఏడింటికి ఊళ్ళో జనమంతా ఒకేసారి తీగ మీద పడతారు. మా సినిమాలు మీ వీధి చివర పెట్టెలోనే దాచి ఉంటాయి కాబట్టి ఆ రద్దీలో చిక్కుకోవు. పైగా 'కుటుంబ ఆనందం'లో వాటికి ముందు దారి ఇచ్చాం. మిగతావన్నీ వెనక వరసలో వస్తాయి. వదిన వాడే ప్రోగ్రాం చిన్నవాళ్ళది. వాళ్ళు ముందు వరస కొనుక్కోలేదు. ఇందులో ఎవరి మీదా పగ లేదు, నమ్మండి. నా మీద పగ ఉన్నది మీకొక్కరికే.

మీరు దిగులు పెట్టుకోకండి. నేను చూసుకుంటాను. గురువారం సాయంత్రం ఏడింటికి వదిన వేళ్ళు లెక్కపెట్టండి. తగ్గితే నన్నడగండి.

అమ్మకి మీరు అడిగానన్నారని చెప్పాను. "వాడు నన్ను అడగడమేమిటి, ఏదో కావాల్సొచ్చి ఉంటుంది" అంది. మీ చెల్లెలే కదా.

మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య, మీ లిఫ్టులోనే పుట్టిన
మీ మేనల్లుడు


జూన్ 5

ఒరేయ్ అల్లుడూ,

పది. గురువారం లెక్కపెట్టాను, పది వేళ్ళు. శుక్రవారం మళ్ళీ లెక్కపెట్టాను. ఈ వారమంతా పదే. కుడిచేతి చూపుడువేలి మీద కాలిన మచ్చ కూడా కనపడింది. ల్యాబులో మైనం కాస్తూ కాల్చుకుందట. నాకు చెప్పకుండా దాచింది. బాగా తిట్టాను. అది కూడా ఎదురు తిట్టింది. ఎన్నాళ్ళకి రా, ఇద్దరం కడుపునిండా పోట్లాడుకుని!

నిన్ను ఇన్నాళ్ళూ తక్కువ అంచనా వేశాను. ఒక్క ఉత్తరంతో అంత పెద్ద కంపెనీని దారిలో పెట్టావు. ఎదురింట్లో గౌన్లు కుట్టే ఆవిడకి ఆ సంగతే చెప్పాను.

"నేనొక ఉత్తరం ముక్క రాశానండీ, కంపెనీ మొత్తం సర్దుకుంది" అన్నాను.

ఆవిడ మిషన్ తొక్కడం ఆపింది. "అవునా బాబాయ్‌గారూ? మా ఇంటికింకా రాలేదే సర్దుబాటు" అంది.

"వస్తుంది. పై నుంచి కిందకి దిగాలి కదా. గంట కొట్టి ఓపికగా నిలబడండి" అన్నాను.

పాపం ఆవిడ కొలతలూ మోడళ్ళూ ఫోనులో చూపించి పని తెచ్చుకుంటుంది. నెల నుంచి బొమ్మ ఆగిపోతోందని ఇద్దరు వేరే దగ్గరకి పోయారట. త్వరగా దింపండి ఆ సర్దుబాటేదో.

నువ్వు ముందు వరస అన్నావు చూడు, ఆ మాట నాకు కొత్త కాదు. మా ఆస్పత్రిలో ఐదో అంతస్తులో ఒక పక్కన ఎక్కువ డబ్బు కట్టేవాళ్ళ గదులుండేవి. ఒక కొత్త మేనేజరు వచ్చి వాళ్ళ కోసం ఎర్ర గంట పెట్టించాడు. అది మోగితే మిగతా గంటలన్నీ పక్కన పెట్టి పైకి పోవాలి. మూడో అంతస్తులో కట్లు కట్టే వార్డు. కుంటుకుంటూ వచ్చినవాళ్ళు తలుపు ముందు నిలబడి ఉంటే, వాళ్ళ కళ్ళముందే నేను లిఫ్టు ఆపకుండా పోయేవాణ్ణి. రెండు వారాలకి వాళ్ళు గంట కొట్టడమే మానేసి కర్ర పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు. నెలాఖరుకి మేనేజరు రిపోర్టు రాశాడు. ఏమని? 'మూడో అంతస్తు వాళ్ళు లిఫ్టు కంటే మెట్లనే ఇష్టపడుతున్నారు' అని! నాకు చదవడం వచ్చిందని అప్పుడు తిట్టుకున్నాను.

ఆ ఎర్ర గంట తర్వాత ఏమైందో కలిసినప్పుడు చెప్తాను. తీగ ఎవరో తెంపారు. ఎవరో నాకు తెలియదు. నా దగ్గర కత్తెర ఉండేది, అంతే.

పేపర్లో చూశాను, ప్రభుత్వం వాళ్ళ నియంత్రణ మండలి జనాన్ని అడుగుతోందట. తీగ మీద పోయేవాటినన్నిటినీ ఒకేలా పంపాలని రూలు పెట్టాలా వద్దా, చెప్పండి అని. నెట్ న్యూట్రాలిటీ అంటారట. ఇంత చిన్న సంగతికి అంత పెద్ద పేరా? దాని గురించి నీకేమైనా తెలుసా?

మీ అమ్మకి చెప్పు, నాకేమీ అక్కర్లేదు, ఊరికే అడిగాను.

మామయ్య


జూన్ 12

మామయ్యకి,

ఆ కత్తెర సంగతి రాతపూర్వకంగా ఒప్పుకున్నందుకు థాంక్స్. ఉత్తరం భద్రంగా దాచాను.

నెట్ న్యూట్రాలిటీ గురించి ఏమైనా తెలుసా అన్నారు. మండలికి మా కంపెనీ పంపుతున్న అభిప్రాయపత్రం రాస్తున్నది నేనే మామయ్యా. నలభై పేజీలు. రూలు అక్కర్లేదన్నది మా వాదన. నకలు ఒకటి ఇందులో పెట్టాను. నిద్ర పట్టనప్పుడు పనికొస్తుంది.

మీరు నవ్వకుండా వినండి. తీగ వెయ్యాలంటే రోడ్లు తవ్వాలి, కొండలెక్కాలి. వాడేవాళ్ళు పెరిగేకొద్దీ మళ్ళీ తవ్వాలి. ఎక్కువ బరువు మోయించేవాళ్ళ దగ్గర కాస్త ఎక్కువ తీసుకోకపోతే కొత్త తీగ ఎవరేస్తారు? ఇంకోటి, అన్నీ ఒకటే కావు కదా. ఊరికే చూసే పాత సినిమా, డాక్టరు దూరం నుంచి చూస్తున్న గుండె బొమ్మ, రెండూ ఒకే వరసలో నిలబడాలా? ఎవరికి ముందు దారి ఇవ్వాలో నడిపేవాడి విచక్షణకి వదిలెయ్యాలి. పొరపాటు జరిగితే అడగొచ్చు. మీరడిగారు, సరి అయింది. రూలు లేకుండానే అయింది కదా!

అయినా ముందు దారి గురించి మీరు నాకు చెప్పడమేమిటి? నేను పుట్టిన రోజు మీరేం చేశారు? అమ్మ ఇప్పటికీ ఎవరొచ్చినా ఆ కథే చెప్తుంది. "మా అన్నయ్య నా కోసం లిఫ్టు ఎక్కడా ఆపలేదు. ఎన్ని గంటలు మోగినా చూడలేదు. వీడికే తొందరెక్కువై దార్లో ఊడిపడ్డాడు" అని. రూలు పుస్తకం పట్టుకుని కూర్చుని ఉంటే నేను ఎక్కడ పుట్టేవాణ్ణో! వదిన సైగల్లో నాకు పెట్టిన పేరు కూడా అదే కదా, రెండు అరచేతుల మధ్య ఇరుక్కున్న వేలు.

కాబట్టి ఆ పెద్దపేరు సంగతి మాకొదిలేసి మీరు వదినతో పోట్లాడుకోండి.

మీ విచక్షణ వల్ల బతికి బట్టకట్టిన
మేనల్లుడు


జూన్ 17

నిన్న తీగల రిపేరు మనిషి ఎదురింటికి వచ్చాడు. గౌన్లు కుట్టే ఆవిడ పిలిపించింది. అతని ఫోనులో మా అంతస్తు వాళ్ళ జాబితా ఉంది. అందరి పేర్లూ ఉన్నాయి. నా ఒక్కడి పేరు పక్కనే చుక్క ఉంది.

ఆ చుక్క ఏమిటో అతను చెప్పాడు. నువ్వు కూడా చెప్పు. ఇద్దరిదీ ఒకటేనో కాదో చూడాలి.

లిఫ్టు మనిషి


జూన్ 20

మామయ్యా,

ఆ సంతకం చూసి భయమేసింది. చిన్నప్పుడు లిఫ్టులో బటన్లన్నీ ఒకేసారి నొక్కినప్పుడు మీరు చూసిన చూపు గుర్తొచ్చింది.

చుక్కంటే సిబ్బంది బంధువు అని అర్థం. ఒక్కో ఉద్యోగి తన బంధువుల్లో ఒక్కరి పేరు రాసుకోవచ్చు. వాళ్ళ ఇంటికి అన్నీ ముందు వరసలో పోతాయి. మీ మొదటి ఉత్తరం రాగానే మీ పేరు రాశాను. కంపెనీ ఏమీ సర్దుకోలేదు. సర్దింది మీ ఒక్క ఇంటికే. మీరు అంత సంబరంగా రాసేసరికి నిజం చెప్పడానికి నోరు రాలేదు. పైగా దాన్నే నా వాదనకి వాడుకున్నాను. అది మరీ బాగాలేదు, ఒప్పుకుంటున్నాను.

కానీ మీరే ఆలోచించండి. మీరు రాసింది చదివాక నేనేం చెయ్యాలి? నాకు మొదటి మాట నేర్పింది వదిన. ఆమె చేతులు ముద్దగా కనపడుతున్నాయంటే, నా చేతిలో ఉన్న ఆ ఒక్క చోటులో మీ పేరు రాయకుండా నలభై పేజీలు తిరగేస్తూ కూర్చోనా? ఇంకో సంగతి. రేపు ఆ రూలు వచ్చి, అన్నీ ఒకేలా పోవాలని ఎవరైనా మొండిగా పట్టుబడితే, సైగల ప్రోగ్రాంకి ముందు దారి ఇద్దామన్నా కుదరకపోవచ్చు. అప్పుడు ఎవరిని తిడతారు?

చుక్క తియ్యమంటే ఒక్క నిమిషం పని. తీస్తే ఏడింటికి మళ్ళీ దిండ్లే. మామయ్యా, పంతానికి పోయి నష్టపోకండి. ఉండనివ్వండి.

మేనల్లుడు


జూన్ 27

ఒరేయ్ మధ్యంతస్తూ,

రిపేరు మనిషి చెప్పిందీ నువ్వు చెప్పిందీ ఒకటే. అంతవరకు సంతోషం. ఆఫీసులో నలభై పేజీలు రాసేవాడివి ఇంట్లో ఒకటిన్నర పేజీలో నిజం చెప్పావు.

ఆ రోజు ఏమైందో విను. అతను నా పేరు పక్కన చుక్క చూపించి, "మీకేం సార్, మీరు మావాళ్ళే" అన్నాడు. గౌన్లు కుట్టే ఆవిడ పక్కనే ఉంది. "టీ తాగుతారా బాబాయ్‌గారూ" అంది. తిట్టినా బాగుండేది. ఓపికగా గంట కొట్టి నిలబడమని ఆవిడకి చెప్పింది నేను. ఎర్ర గంట మోగించుకుని ఆవిడ కళ్ళముందే పైకి పోతున్నదీ నేనే.

ఇప్పుడు నీ పుట్టుక సంగతి. ముప్ఫై ఆరేళ్ళ నుంచి మీ అమ్మ చెప్తున్న కథ అబద్ధం. మీ అమ్మ తప్పు కాదు, నొప్పుల్లో ఉంది, దానికేం తెలుసు. ఆస్పత్రి రూలు ఇది: స్ట్రెచరు వస్తే మిగతా అందరూ ఆగాలి. రెండు స్ట్రెచర్లు వస్తే, లిఫ్టులో ఒకటే పడుతుంది కాబట్టి, ముందు గంట కొట్టినది ముందు. స్ట్రెచరు మీద ఎవరున్నారని లిఫ్టు మనిషి అడగకూడదు. ఆ రోజు రెండో అంతస్తులో ఒక లారీ డ్రైవరు స్ట్రెచరు గంట కొట్టింది. ఆ తర్వాతే కింద మీ అమ్మది. నేను కింద తలుపు దగ్గరే ఉన్నాను. నా చెల్లెలు అరుస్తుంటే విన్నాను. విని, తలుపు మూసి, రెండుకి పోయి అతన్ని ఎక్కించుకుని ఐదులో ఆపరేషన్ గది దగ్గర దింపి వచ్చాను. నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలు లేకపోతే నువ్వు నాలుగో అంతస్తు కాన్పుల వార్డులో, తెల్లటి దుప్పటి మీద, పెద్దమనిషిలా పుట్టేవాడివి. నీకు తొందరెక్కువై కాదు, నా వల్ల ఆలస్యమై దార్లో పుట్టావు.

మీ అమ్మ నన్ను నలుగురిలో పొగుడుతుంటే నాకు నోరు రాలేదు. నీకు రానట్టే. ఆ తప్పు ముందు చేసింది నేను. అందుకే నిన్ను సగమే తిడుతున్నాను. ఈ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించు. తిట్లేమైనా ఉంటే నాకు పంపమను, ఇన్నేళ్ళ వడ్డీతో సహా పుచ్చుకుంటాను.

రూలు వస్తే సైగల ప్రోగ్రాంకి ముందు దారి కుదరదంటావు. ఎందుకు కుదరదు రా? స్ట్రెచర్ని ముందు తీసుకుపొమ్మని చెప్పింది రూలే. ఎవరి స్ట్రెచరని అడగొద్దన్నదీ ఆ రూలే. చేతులతో మాట్లాడేవాళ్ళందరికీ, డాక్టరు చూసే గుండెలన్నిటికీ దారి ఇవ్వమని రాయి. మా మామయ్యకి అని రాయకు. విచక్షణ అంటావు, అది మా మేనేజరుకీ ఉండేది.

నీ నలభై పేజీల్లో పదిహేడో పేజీ చదివాను. 'సాయంత్రం వేళ నూటికి ఎనభైమంది వినియోగదారులు మా సొంత సినిమాలనే ఇష్టపడుతున్నారు' అని ఉంది. ఒరేయ్, మిగతావన్నీ ఆగిపోతుంటే ఇంకేం చూస్తారు? మూడో అంతస్తు వాళ్ళకి మెట్లంటే ఇష్టమని రాసినవాడికి లిఫ్టు ఆగట్లేదని తెలుసు. నీకు తెలిసి రాశావా, తెలియక రాశావా? తెలియకపోతే ఇప్పుడు తెలిసింది.

చుక్క తీసెయ్యి.

అమ్మాయికి అంతా చెప్పాను. అదింకా నాకంటే మొండిది. "తీసెయ్యమను నాన్నా, నేను పెద్దగా మాట్లాడతాను" అంది. నిన్నట్నుంచి వేళ్ళతో కాకుండా భుజాల నుంచి చేతులు ఊపి చెప్తోంది, లారీని వెనక్కి తీయిస్తున్నట్టు. నేనూ అలాగే జవాబు చెప్తున్నాను. నిన్న చెయ్యి తగిలి దీపం కింద పడింది. చుక్క పోయే రోజుకి ఇద్దరం సాధన చేస్తున్నాం. చిన్న చిన్న సంగతులు మాత్రం అలా చెప్పుకోలేం. వేలి మీద మచ్చ కనపడదు. ఆ నష్టం నాకు తెలుసు, నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు.

నేనూ మండలికి ఒక పేజీ రాశాను. ఇందులో పెట్టాను. కింద నా సంతకం, గౌన్లు కుట్టే ఆవిడది, మా అమ్మాయిది, దాని స్నేహితులు పదకొండు మందివి. అభిప్రాయాలన్నీ ఇంటర్నెట్ లోనే పంపాలట. మాకు ఆ ఫారం చేతకాలేదు. నువ్వు ఎక్కించు. ఒక్క అక్షరం మార్చకు, ఒత్తులు కూడా దిద్దకు. మీ కంపెనీకి వ్యతిరేకంగా ఉందని చూడకు. నీది మోసే ఉద్యోగం. ఎక్కినవాళ్ళెవరని అడక్కుండా పైకి చేర్చు.

మండలి గడువు జూలై ఆరు, సోమవారం. నాకు శుక్రవారం, జూలై మూడో తారీకు, సాయంత్రం ఏడింటికి జవాబు కావాలి. కవరు వద్దు. ఆ ప్రోగ్రాంలోకే రా, చుక్క తీసేసిన తీగ మీదే. అమ్మాయి కూడా ఉంటుంది. ఆ పదిహేడో పేజీ ఉంచుతావో కొట్టేస్తావో చేతులతో చెప్పు. నోటితో నువ్వు ఎంతైనా తిప్పగలవు. చేతులతో అబద్ధం చెప్పడం నీకు చిన్నప్పట్నుంచీ చేతకాదు.

అది చెప్పాక, పదకొండేళ్ళ క్రితం మింగేసిన ఆ రెండో వాక్యం కూడా చెప్పు. ముద్దగా కనపడుతుందని భయపడకు. మెల్లగా, పెద్దగా చెప్పు. శుక్రవారం ఏడు. నేను తలుపు తీసి పట్టుకుని ఉంటాను.

మామయ్య